మూడో తీగ మీద ఈగ

ఆ వీధిలో పిల్లా పెద్దా ఆయన్ని "ఆఁ గారు" అనేవాళ్ళు. ఎవరేమడిగినా మొదటి జవాబు "ఆఁ?" అనే వచ్చేది కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. మొహం మీదే అన్నా ఆయనకు కోపం వచ్చేది కాదు. కోపం రావాలంటే ముందు వినపడాలిగా! ముప్పై ఏళ్ళకు పైగా అచ్చు యంత్రాల పక్కన నిలబడి పాఠ్యపుస్తకాలూ క్యాలెండర్లూ మందుల డబ్బాల మీది కాగితాలూ అచ్చు వేసిన మనిషి. ప్రెస్సులో వాళ్ళు మేస్త్రి అనేవారు. అదే మర్యాదగా ఉంది కాబట్టి మనమూ అలాగే అందాం.

యంత్రాలు మేస్త్రికి జీతం ఇప్పించాయి, తలదాచుకోను ఒక ఇల్లు అమర్చాయి, కూతురి చదువు గట్టెక్కించాయి. పోతూ పోతూ చెవుల్లో సగం పట్టుకుపోయాయి. సగమంటే నిజంగా సగమే. చెవుల డాక్టరమ్మ పరీక్ష చేసి ఒక కాగితం మీద గీత చూపించింది. ఎడమవైపు నుంచి బల్లపరుపుగా వచ్చిన గీత, నడిమికి రాగానే గోడ మీంచి దూకినట్టు కిందికి పడిపోయింది.

"కింది స్వరాలన్నీ భద్రంగా ఉన్నాయండీ. పైవే పోయాయి," అని ఆమె నిదానంగా, గట్టిగా చెప్పింది.

"కిందివంటే?"

"లారీ ఇంజను, పెద్ద డ్రమ్ము, ఉరుము. అలాంటివి."

"మరి మా ఆవిడ?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "ఆవిడ గొంతు పైదేనండీ."

అది నిజమే. భార్యది సన్నని గొంతు. "సబ్బు అయిపోయింది" అని ఆవిడంటే ఆయనకు "డబ్బు అయిపోయింది" అని వినపడి, "మొన్ననేగా ఇచ్చాను, అప్పుడే ఏం చేశావ్?" అని ఇంతెత్తున లేచేవాడు. మొదట్లో ఇద్దరికీ అది నవ్వులాటగానే ఉండేది. చుట్టాలొస్తే ఆవిడే లేచి అభినయించి చూపించేది. రానురాను ఆ నవ్వు అరిగిపోయింది. ఏ మాటైనా మూడుసార్లు చెప్పాలి, మూడోసారి అరవాలి. మెల్లగా అడగాల్సిన మాటను అరిచి అడిగితే అది ఇక ఆ మాట కాదు. "ఒంట్లో ఎలా ఉంది?" అని కేకపెడితే పక్కింటివాళ్ళకు తగువులా వినిపిస్తుంది. అడిగిన మనిషికీ తాను తగువులాడుతున్నట్టే అనిపిస్తుంది. అందుకని ఆవిడ మాటలు కుదించుకుంది. తాళం. గ్యాసు. తిన్నారా. కరెంటు బిల్లు. చెవి మిషన్లు కొన్నారు గానీ, అవి పెట్టుకుంటే గిన్నెల చప్పుడు కత్తుల యుద్ధంలా ఉండేది తప్ప మాట స్పష్టంగా తెలిసేది కాదు. అవి చెవుల్లో కన్నా డబ్బాలోనే ఎక్కువకాలం గడిపాయి.

ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరి మీద ఒకరికి ఫిర్యాదు లేదు. కానీ ఇల్లు మూగబోయింది.

డాక్టరమ్మ మాట మేస్త్రి బుర్రలో తిరుగుతూనే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రెస్సు కుర్రాళ్ళంతా కలిసి ఒక బ్యాండు కట్టారు. అందులో ఆయన బాస్ గిటారు వాయించేవాడు. బాస్ అంటే మామూలు గిటారుకు పెద్దన్నయ్య లాంటిది. నాలుగే తీగలు, లావుపాటివి. పొడుగాటి మెడ. పాట వినేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. అది ఆగిపోతే మాత్రం పాటకు కాళ్ళ కింద నేల జారిపోతుంది. ఆ గిటారు బ్యాండు పెట్టినవాడి సొంతం. అతను ఊరు మారినప్పుడు గిటారూ అతనితోపాటే పోయింది. తర్వాత పెళ్ళి, డబుల్ డ్యూటీలు, కూతురు. మేస్త్రి మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఒక సాయంత్రం బజారులో ఏదో కొత్త దుకాణం తెరుస్తూ పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టారు. పాటలో మాట ఒక్కటీ ఆయనకు అందలేదు. కానీ ఎవరో అరచేత్తో గుండెల మీద మెత్తగా తడుతున్నట్టు బాస్ మోత తెలిసింది. ప్రతి స్వరమూ తెలిసింది. ఏది ఎక్కణ్ణుంచి ఎక్కడికి దిగుతోందో తెలిసింది. కూరగాయల సంచితో అక్కడే నిలబడిపోయాడు. ఎడమచేతి వేళ్ళు వాటంతటవే సంచి పిడి మీద కదులుతున్నాయి.

మర్నాటి నుంచి వాయిద్యాలు బాగుచేసే షాపుకి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాడు. షాపాయన వాగుడుకాయ. పైగా బొంగురు గొంతు. మేస్త్రికి సరిగ్గా సరిపోయిన మనిషి.

"కొత్తవి వద్దు మీకు. పాతది చూసుకోండి. చెక్క ఎండి ఎండి ఉంటుంది, మోత ఎముకల్లోకి దిగుతుంది. కానీ పాతదంటే పాత కారు లాంటిదే. పైన రంగు చూసి పడిపోకూడదు," అని ఏమేం చూసుకోవాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. చివరికి ఒక చిరునామా కూడా ఇచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు, ఒకప్పుడు హోటల్ బ్యాండులో వాయించేవాడు, తన బాస్ అమ్మకానికి పెట్టాడట.

మేస్త్రి ఇంటికొచ్చి భార్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రేపు నువ్వు నాతో రావాలి. గిటారు చూడ్డానికి."

"నేనెందుకు? నాకు సంగీతమేం తెలుసు?" అని ఆవిడ చేతులు తిప్పింది.

"సంగీతం కాదు. తీగ ఎక్కడైనా తగిలి గరగరలాడితే నాకు వినపడదు. మోత పెంచే మరలు తిప్పినప్పుడు చిటపటమన్నా వినపడదు. అవన్నీ పైవి. మనింట్లో కుళాయి కారుతోందని ఎవరు కనిపెడతారు? ఫ్యాను బేరింగు పోయే ముందు ఎవరు చెప్తారు? నువ్వేగా."

ఆవిడ ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసింది. ఈ వయసులో గిటారేమిటండీ అని అడగాలనుకుంది. అడగాలంటే అరవాలి. అందుకని ఊరుకుంది. మర్నాడు ఉదయం మాత్రం ఆయనకన్నా ముందే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

డ్రైవరు ఇల్లు రెండో అంతస్తులో. కోడలు తలుపు తీసి లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. నల్లని పెట్టె మంచం మీద ఉంది. దాని పక్కన ఆయన, ఆసుపత్రిలో రోగికి తోడు కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. వేళ్ళ కణుపులు ఉబ్బి, వేళ్ళు ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తున్నాయి.

"ముందే చెప్తున్నా," అన్నాడు డ్రైవరు. "నలభై ఏళ్ళుగా నా చేతిలోనే ఉంది. ఒక్క మర మార్చలేదు. ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. బేరాలాడేవాళ్ళయితే మంచినీళ్ళు తాగి వెళ్ళొచ్చు."

ఆయనది అడుగు నుంచి వచ్చే గొంతు. మేస్త్రికి ప్రతి ముక్కా వినపడింది. "ఆఁ?" అనకుండా, "చూడనివ్వండి," అని నేరుగా జవాబిచ్చేసరికి భార్య గతుక్కుమంది. ఈయన మాటలన్నీ వినపడుతున్నాయే!

అయినా ఉన్న మాట ముందే చెప్పడం మంచిదని డ్రైవరుతో అంది, "మా వారికి చెవులు కాస్త మందం, అన్నయ్యగారూ."

"చెవులు వినపడని మనిషి గిటారేం కొంటాడు చెల్లెమ్మా?"

"అదేమిటో నాకూ తెలీదు. అది చూద్దామనే వచ్చాను."

మేస్త్రి పెట్టె తెరిచాడు. మూతలోపలి మఖమలు బట్ట వాసన, పాత చెమట వాసన, ఇనుము వాసన కలిసి వచ్చాయి. లోపల బాస్. అంచుల్లో నలుపు, నడుమకు వచ్చేసరికి తేనెరంగు. రంగు మీద వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్ళు. మోచెయ్యి ఆనే చోట రంగు పూర్తిగా పోయి చెక్క బయటపడింది. ఎత్తి చూస్తే మంచి బరువుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక కన్ను మూసి, మెడ చివరి నుంచి కిందికి గురిచూశాడు. ప్రెస్సులో రోలరు వంకరపోయిందేమోనని అలాగే చూసేవాడు. మెడ నడుమ ఇసుమంత లోతుగా ఉంది. ఉండొచ్చు, అంతమాత్రానికి భయం లేదు. తర్వాత తీగలు బిగించే బిరడాలు ఒక్కొక్కటే తిప్పాడు. మూడు నున్నగా తిరిగాయి, ఒకటి మొరాయించింది.

మెడ మీద అడ్డంగా ఉన్న ఫ్రెట్ల మీద వేలు పోనిచ్చాడు. తీగను నొక్కేది ఆ ఇత్తడి రంగు గీతల మీదే కదా. మూడోదీ అయిదోదీ గుంటలు పడేలా అరిగిపోయాయి. మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి.

"అన్ని పాటలూ ఒకే శ్రుతిలో వాయించారా ఏమిటి?" అన్నాడు మేస్త్రి.

డ్రైవరు మొహం మొదటిసారి విచ్చుకుంది. "మా పాటగాడికి ఆ శ్రుతి తప్పితే గొంతు లేచేది కాదండీ. పైగా హోటల్ యజమానికి అల్లుడు. ఎవరు చెప్తారు?"

మేస్త్రి కుర్చీలో కూర్చుని బాస్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకా కరెంటుకు తగిలించలేదు. తల వంచి, గిటారు పైకొమ్ముకు దవడ ఆనించి, లావు తీగను బొటనవేలితో మీటాడు. మోత చెక్కలోంచి దవడకూ, దవడలోంచి పళ్ళకూ, అక్కణ్ణుంచి కపాలానికీ పాకింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చాలాకాలానికి ఒక ధ్వని ఏ ముక్కా రాలిపోకుండా మొత్తంగా ఆయన లోపలికి వచ్చింది. భార్య ఆ మొహం చూసి, డ్రైవరు చూడకూడదన్నట్టు, ఇద్దరికీ మధ్యకు జరిగి నిలబడింది.

అన్ని తీగలూ అయ్యాక, "సన్న తీగ మీద ఒక్కచోట మోత నిలబడట్లేదు. వెంటనే ఆరిపోతోంది," అన్నాడు.

"అది మొదట్నుంచీ అంతే. అక్కడ ఎక్కువసేపు ఆగకూడదు," అన్నాడు డ్రైవరు, ఇంట్లో మనిషి అలవాటు చెప్పినట్టు.

అప్పుడు గది మూలనున్న యాంప్లిఫయరుకి తగిలించారు. ఇక భార్య వంతు. ఆవిడ గది నడుమ చేతులు కట్టుకుని నిలబడింది. మేస్త్రి ఒక్కో తీగనూ కింది నుంచి పైకి, ఒక్కో ఫ్రెట్టూ నొక్కుతూ వాయించుకుంటూ పోయాడు. వాయిస్తున్నంతసేపూ ఆవిడ మొహమే చూస్తున్నాడు. మూడో తీగ మీద సగం దూరం వెళ్ళేసరికి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. వేలు పైకెత్తింది.

"ఆగండి. ఈగ."

"ఏ ఈగ?" అని డ్రైవరు కిటికీ వైపు చూశాడు.

"అందులోనే. మళ్ళీ వాయించండి... అదిగో. సీసాలో ఈగ చిక్కుకున్నట్టు."

"అలాంటిదేం లేదు చెల్లెమ్మా. నలభై ఏళ్ళు వాయించాను, నాకు తెలీదా?"

"నాకూ ఏం వినపడలేదు," అన్నాడు మేస్త్రి నిజాయితీగా.

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకరు యంత్రాల పక్కన బతికినవాడు. ఇంకొకరు పగలంతా బస్సు ఇంజను పక్కనా, రాత్రంతా స్పీకర్ల ముందూ బతికినవాడు. "మీ ఇద్దరి సాక్ష్యం కలిపినా ఒక చెవికి సరిపోదు," అంది. గుమ్మంలోంచి చూస్తున్న కోడలు కిసుక్కున నవ్వి, "ఉంది మామయ్యా, నాకూ వినిపిస్తోంది," అంది.

డ్రైవరు వంగి మూడో తీగ మీద వేలు ఆనించాడు. "అయితే చాలాకాలంగానే ఉండి ఉంటుంది," అన్నాడు మెల్లగా. "నాకు ఎవరూ చెప్పలేదు."

మోత పెంచే మరలు తిప్పితే నూనెలో నీళ్ళు పడ్డట్టు చిటపటలు వచ్చాయని ఆవిడ వేళ్ళతో చేసి చూపించింది. లోపల దుమ్ము చేరి ఉంటుంది, పెద్ద జబ్బు కాదు. కానీ ఒకసారి గిటారు మీది మూత విప్పి చూడమని షాపాయన గట్టిగా చెప్పి పంపాడు. మేస్త్రి అడిగితే డ్రైవరు, "చూసుకోండి, నాకేం భయం," అన్నాడు. మేస్త్రి తెచ్చుకున్న స్క్రూడ్రైవరుతో మూత తీశాడు.

తీగల మోతను కరెంటుగా మార్చి పంపేది పికప్. దాని ప్రాణమంతా సన్న రాగితీగ చుట్టలోనే ఉంటుంది. ఆ కాలపు గిటార్లలో పికప్‌కి గుడ్డ తొడుగున్న వైర్లు ఉంటాయని షాపాయన చెప్పాడు. ఇక్కడ ప్లాస్టిక్ తొడుగు వైర్లున్నాయి. సీసం అతుకులు కూడా మిగతావాటిలా లేవు, ముద్దగా, తొందరలో వేసినట్టున్నాయి. అంటే పికప్ అసలుది కాదు. ఎవరో ఎప్పుడో మార్చేశారు. డ్రైవరు ఒక్క మర మార్చలేదన్నాడంటే, ఆయన కొనకముందే.

మేస్త్రి మూత పక్కన పెట్టి వైర్లను మళ్ళీ ఒకసారి చూశాడు. చెప్తే ఈ మనిషి మొహం చూడలేడు. చెప్పకుండా అడిగినంతా ఇచ్చి పట్టుకుపోతే ఎవరికీ నొప్పి ఉండదు. భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే ఆయన్నే చూస్తోంది.

"ఇది అసలుది కాదండీ," అన్నాడు. వైర్లు చూపించి, తనకు తెలిసినంతా చెప్పాడు.

డ్రైవరు ఉబ్బిన వేళ్ళతో కళ్ళద్దాలు పెట్టుకోడానికి ఇబ్బంది పడ్డాడు. కోడలు వచ్చి పెట్టింది. చాలాసేపు చూశాడు.

"నాకిది అమ్మినవాడు బిడ్డ మీద ఒట్టేసి చెప్పాడు," అన్నాడు చివరికి. "అంతా అసలుదే అన్నాడు. సెలవుల్లేకుండా బస్సు తోలి కొన్నాను. ఎంతమందికి చెప్పుకున్నానో, అసలుదాని మోతే వేరు అని. హోటల్లో కుర్రాళ్ళని కూర్చోబెట్టి మరీ చెప్పాను." అద్దాలు తీసేశాడు. "మూసెయ్యండి. నేను అమ్మను."

మేస్త్రి మూత బిగించడం మొదలుపెట్టాడు. భార్య మంచం అంచున కూర్చుంది. ఎప్పుడూ ఇంటి బయట పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"అన్నయ్యగారూ, ఇందాక ఆయన వాయిస్తుంటే మీ కోడలు పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి లోపల ఏ వైరుందో చూసి వచ్చిందా? మీ హోటల్లో జనం చూసి వచ్చారా? అబద్ధమాడింది వాడు. ఈ గిటారుకు అది తెలీదు. నలభై ఏళ్ళూ ఎదురు చెప్పకుండా మీరు చెప్పిన పాటలన్నీ పాడింది."

"మామయ్యా, పాలు!" అని కోడలు లోపలికి పరుగెత్తింది. డ్రైవరు నవ్వలేక నవ్వాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఎందుకు చెప్పారు?" అని మేస్త్రిని అడిగాడు.

"దాచినా మా ఆవిడ నా మొహం చూసి కనిపెట్టేసేది."

డ్రైవరు ఆ మాటకు తల ఊపాడు. "ఒక పాట వాయించండి," అన్నాడు. "పూర్తిగా. ముక్కలు కాదు."

మేస్త్రి తన బ్యాండు రోజుల్లోని ఒక పాట నడక వాయించాడు. వేళ్ళు మొదట తడబడ్డాయి, తర్వాత దారిలో పడ్డాయి. డ్రైవరు చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, వంకర వేళ్ళు గాలిలో నొక్కే ప్రయత్నం చేస్తున్నాయి. రెండుసార్లు "తొందర పడుతున్నారు, తొందర," అని గదమాయించాడు. మేస్త్రి వేగం తగ్గించాడు.

పాట అయ్యాక ధర మాట వచ్చింది. డ్రైవరు తనంతట తానే సగానికి దించాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. అసలు పికప్ లేకపోయినా అంత తక్కువ కాదన్నాడు. బేరం తలకిందులైంది: కొనేవాడు పెంచుతున్నాడు, అమ్మేవాడు తగ్గిస్తున్నాడు. డ్రైవరు చెయ్యెత్తి ఆపాడు.

"ఈవిణ్ణి చెల్లెమ్మా అన్నాను కదా. అంటే మీరు నాకు బావగారు. బావగారితో బేరమాడితే బాగుండదు. నే చెప్పిందే ధర. కానీ వారానికోసారి తీసుకొచ్చి నా ముందు వాయించాలి. తొందరపడకుండా."

"వాయిస్తాను బావగారూ," అన్నాడు మేస్త్రి.

షాపాయన గిటారు మెడ సరిచేశాడు, ఈగ ఎగిరిపోయింది, మొరాయించే బిరడాకు నూనె పడింది. పికప్ మాత్రం మార్చనివ్వలేదు మేస్త్రి.

సాయంత్రాలు ఆయన వాయిస్తుంటే ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటూ వినేది. ఎక్కడైనా గరగరమంటే వేలెత్తేది. తలెత్తి చూసే అలవాటు ఆయనకు అలా పడింది. చూస్తుంటే పెదవులు తెలుస్తాయి, పెదవులు తెలిస్తే మాట సగం తెలుస్తుంది. మిగతా సగానికి ఆవిడే ఉపాయం కనిపెట్టింది. డ్రైవరు గొంతు వినపడినప్పుడు తన గొంతెందుకు వినపడదని పౌరుషం వచ్చి, ఒక రోజు గొంతు అట్టడుగుకు దించి, మీసాలున్న మనిషిలా, "ఏమండీ" అంది. మేస్త్రి ఉలిక్కిపడి తిరిగాడు. వినపడింది. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. తర్వాత ఆవిడ అంత వేషం వేయకుండానే, అరవకుండా, నిదానంగా కింది గొంతుతో మాట్లాడటం నేర్చుకుంది. అన్ని మాటలూ అందవు. అందనివి రెండోసారి చెప్పడానికి ఆవిడ ఇప్పుడు విసుక్కోదు. కూతురు ఫోన్ చేసి, "అమ్మా, జలుబు చేసిందా?" అని కంగారుపడింది.

వారానికోసారి డ్రైవరింట్లో పెద్ద రభసే జరుగుతోంది. బావగారు తొందరంటాడు, ఈయన కాదంటాడు, తీర్పు ఆవిడ చెప్పాలి. ఆవిడ ఎప్పుడూ డ్రైవరు పక్షమే. పుట్టింటివైపు మాట్లాడుతోందని మేస్త్రి ఆరోపణ.

మొన్న కింది వాటాలో ఉండే నర్సు మెట్లెక్కి వచ్చింది. "రోజూ సాయంత్రం మా అలమరలో గ్లాసులు వణుకుతున్నాయండీ. భూకంపమేమోనని ఒకసారి చెప్పులు కూడా వేసుకున్నాను."

"ఏ గ్లాసులు? పొడుగువా, పొట్టివా?" అని మేస్త్రి భార్య చాలా శ్రద్ధగా అడిగింది. ఇద్దరు ఆడవాళ్ళూ కిందికి దిగి అలమర ముందు నిలబడ్డారు. పైన మేస్త్రి ఒక్కో స్వరమే వాయించాడు. లావు తీగ మీద మూడో ఫ్రెట్టుకే ఆ వణుకని తేలింది. యాంప్లిఫయరు కింద దళసరి బొంత వేశాక గ్లాసులు ఊరుకున్నాయి. కిటికీ అద్దం ఒకటి ఇంకా గొణుగుతోందని భార్య అంటోంది. మేస్త్రి ఆ అద్దం చుట్టూ పుట్టీ పెట్టాలని దుకాణానికి బయల్దేరాడు.